పాత సీడీ ఉందా? – స్కానింగ్, రేడియేషన్ మీద పాఠకుల ప్రశ్నలు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో చాలావాటి సారం ఒకటే: ‘ఎన్ని ఎక్స్‌రేలు దాటితే ప్రమాదం?’ లెక్క అడిగితే చెప్తాను. కానీ దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. ఇప్పుడు ఈ ఫిల్మ్ దేనికి, ఇంతకుముందు తీసిన ఫిల్మ్ ఎవరైనా చూశారా? ఈసారి జవాబుల్లో ఈ మాట పదేపదే వస్తుంది, విసుక్కోకండి.

నేను నల్లగొండలో ఇమేజింగ్ టెక్నాలజీ పిల్లలకు రేడియేషన్ ఫిజిక్స్ చెప్తాను. డాక్టర్‌ను కాను. రిపోర్టులు పంపి ‘మందు రాయండి మేడం’ అంటే నా వల్ల కాదు. యంత్రం గురించి, మోతాదు గురించి, ఈ చదువుల గురించి ఏమైనా అడగండి. ఉత్తరాలను కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. వాళ్ల నాన్నతో బండి మీద పోతుంటే కిందపడి తలకు దెబ్బ తగిలింది. మిర్యాలగూడలో, నల్లగొండలో, మళ్లీ హైదరాబాద్‌లో, వారం లోపల మూడుసార్లు తలకు సీటీ స్కాన్ తీశారు. దేవుడి దయవల్ల బాగున్నాడు. కానీ చుట్టుపక్కలవాళ్లు ‘అంత రేడియేషన్ పడితే రేపు పెళ్లయినంక పిల్లలు పుట్టరు, క్యాన్సర్ వస్తది’ అంటున్నారు. ఒక్కచోట కూడా బాబుకు ఆ సీసం ఆప్రాన్ కప్పలేదు. ఒకటే టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, పిల్లలు పుట్టరనే మాటను ముందు మనసులోంచి తీసేయండి. తలకు సీటీ తీసేటప్పుడు ఎక్స్‌రే కిరణాలు తల చుట్టూ మాత్రమే ఒక సన్నని పట్టీగా తిరుగుతాయి. లోపల చెదిరి పొత్తికడుపు దాకా వచ్చేది లెక్కలోకి రానంత తక్కువ. మగవాళ్లలో సంతాన శక్తి శాశ్వతంగా పోవాలంటే వృషణాలకే నేరుగా వేల మిల్లీగ్రేల (ఒంటి భాగానికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) మోతాదు తగలాలి. తల స్కాన్‌కూ దానికీ సంబంధమే లేదు.

ఇక క్యాన్సర్ సంగతి. దీన్ని మాత్రం ‘ఏం కాదు’ అని కొట్టిపారేయను. ఒంటికి పడే రేడియేషన్ మోతాదును మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. తలకు ఒక సీటీ తీస్తే సుమారు 2 మిల్లీసీవర్ట్‌ల మోతాదు పడుతుంది. నేల నుంచి, గాలిలోని రాడాన్ వాయువు నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి మనందరికీ ఎలాగూ పడే సహజ రేడియేషన్ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. అంటే మీ బాబుకు మూడు స్కాన్లలో పడింది దాదాపు రెండున్నరేళ్ల సహజ మోతాదు. అయితే అదే మోతాదుకు పెద్దల కంటే పిల్లలకు ముప్పు ఎక్కువ. వాళ్ల కణాలు ఇంకా ఎదుగుదలలో ఉంటాయి, బతకాల్సిన ఏళ్లూ ఎక్కువ. చిన్నప్పుడు సీటీ తీయించుకున్నవాళ్ల మీద బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి 2012లో వచ్చింది. పదేళ్ల లోపు పిల్లలకు పదివేల తల స్కాన్లు తీస్తే, తర్వాతి పదేళ్లలో అదనంగా ఒక లుకేమియా (రక్త క్యాన్సర్) కేసు, ఒక మెదడు కణితి కేసు రావొచ్చని అందులో అంచనా వేశారు. ఆ పిల్లలకు స్కాన్లు తీసింది 1985 నుంచి 2002 మధ్య. అప్పట్లో పిల్లలకు తగ్గట్టు మోతాదు తగ్గించాలనే పట్టింపు ఇప్పుడున్నంత లేదు. ముప్పు ఉంది, కానీ చాలా చిన్నది. తలకు దెబ్బ తగిలిన పిల్లవాడికి లోపల రక్తం గడ్డకట్టి, అది మన కంటపడకపోతే జరిగేది దానితో పోల్చదగ్గది కాదు. కాబట్టి మొదటి స్కాన్ గురించి ఒక్క నిమిషం కూడా బాధపడకండి.

రెండోది? మధ్యలో వాంతులయ్యాయా, మగతగా పడుకున్నాడా, మీరు రాయలేదు. పరిస్థితి మారితే రెండో స్కాన్ కూడా అవసరమే. నన్ను ఆలోచింపజేసేది మూడోది. మీ పూర్తి ఉత్తరంలో ‘హైదరాబాద్‌లో పాతవి ఉన్నాయా అని అడిగారు, మా దగ్గర ఫిల్మ్ ఫోన్‌లో తీసిన ఫొటో తప్ప ఏం లేదు’ అని రాశారు. అసలు చిక్కు ఇక్కడుంది. సీటీ అంటే ఒక బొమ్మ కాదు, వందల పలుచని కోతల బొత్తి. ఫిల్మ్ మీద వాటిలో కొన్నే అచ్చవుతాయి. ఆ ఫిల్మ్‌ను ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని ఫోన్‌లో తీస్తే మిగిలేది ఇంకా తక్కువ. దాన్ని చూసి న్యూరో సర్జన్ నిర్ణయం తీసుకోలేడు, మళ్లీ తీయిస్తాడు. ఆయన్ని తప్పుపట్టలేం. స్కాన్ తీసిన ప్రతిచోటా కౌంటర్‌లో సీడీ అడగండి. పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చినా సరే, లింక్ పంపినా సరే. డబ్బులు కట్టింది మీరు, బొమ్మలు మీవి. రేపు ఎక్కడికి పోయినా స్కాన్ రాసేలోపే ‘సార్, పాత సీడీ ఉంది, ఒకసారి చూస్తారా’ అనండి. కొందరు చిరాకు పడతారు. పడనివ్వండి.

ఆప్రాన్ కప్పకపోవడం నిర్లక్ష్యం కాదు. పొత్తికడుపు మీద సీసం కప్పే అలవాటు దశాబ్దాలు నడిచింది. రోజూ చేసే పరీక్షల్లో దాన్ని మానేయమని అమెరికాలోని వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం 2019లో చెప్పింది. లోపల చెదిరే కిరణాలను బయట కప్పిన సీసం ఆపలేదు. పైగా అది కిరణాల దారిలోకి జరిగితే యంత్రం తనంతట తానే మోతాదు పెంచేస్తుంది, చూడాల్సిన భాగం మూసుకుపోతుంది, మళ్లీ తీయాల్సి వస్తుంది. ఆప్రాన్ నిజంగా వేసుకోవాల్సింది బాబును పట్టుకోవడానికి గదిలో నిలబడ్డ మనిషి. మీరే నిలబడి ఉంటే, మీకు ఇచ్చారా లేదా అన్నది అడగాల్సిన మాట. కడుపుతో ఉన్నవాళ్లు మాత్రం అసలు లోపల నిలబడకూడదు.

ప్రశ్న: నేను పాలమూరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్. మెడికల్ ఫిజిక్స్ వైపు రావాలని ఉంది. ఇంట్లో మాత్రం ‘ఎక్స్‌రే తీసే పనికి ఎమ్మెస్సీ దేనికి, రెండేళ్ల డిప్లొమా చాలదా’ అంటున్నారు. దారి చెప్పగలరు. – ఒక విద్యార్థి, వనపర్తి

జవాబు: తమ్ముడూ, ఇంట్లోవాళ్లు రెండు వేర్వేరు ఉద్యోగాలను కలిపేస్తున్నారు. డీఎంఐటీ (మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ) డిప్లొమా గానీ, బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీ గానీ చేసినవాళ్లు పేషెంట్‌ను సరిగా పడుకోబెట్టి, సరైన సెట్టింగ్‌తో బొమ్మ తీస్తారు. అది చిన్న పనేం కాదు, నేను రోజూ చెప్పేది వాళ్లకే. మెడికల్ ఫిజిసిస్ట్ పని వేరు. క్యాన్సర్ ఆస్పత్రిలో రేడియేషన్ చికిత్స ఇచ్చేటప్పుడు కణితికి ఎంత పడాలి, పక్కనున్న వెన్నుపాముకు ఎంతకు మించకూడదు అని లెక్క కట్టేది, యంత్రం చెప్పినంతే ఇస్తోందా అని కొలిచేది ఆయనే. అక్కడ మోతాదులో 5 శాతం తేడా వచ్చినా పెద్ద తేడా కిందే లెక్క.

దారి ఇది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో ఏడాది డిప్లొమా ఉంది, రేడియలాజికల్ ఫిజిక్స్‌లో. దీన్ని డిప్ ఆర్‌పీ అంటారు. హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ కింద నడుస్తుంది. సీట్లు తక్కువ, ప్రవేశ పరీక్ష గట్టిది. అది కాకపోతే చెన్నైలో అన్నా యూనివర్సిటీ లాంటిచోట్ల నేరుగా ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్ చేయొచ్చు. ఏది చేసినా రేడియోథెరపీ ఉన్న ఆస్పత్రిలో ఏడాది ఇంటర్న్‌షిప్ తప్పదు. ఆ తర్వాత పరీక్ష రాసి రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌గా అర్హత తెచ్చుకోవాలి. ఈ మనుషులు లేకుండా రేడియోథెరపీ నడపడానికి అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ ఒప్పుకోదు. చేరే ముందు ఆ కోర్సుకు ఏఈఆర్‌బీ గుర్తింపు ఉందో లేదో చూసుకో. బ్రోషర్‌లో రంగుల బొమ్మలు ఎన్నున్నా గుర్తింపు లేకపోతే ఆ పట్టా ఇంట్లో పెట్టుకోవడానికే.

ఇంట్లోవాళ్లకు చెప్పడానికి ఒక కథ. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ యూనివర్సిటీలో అలన్ కార్మాక్ అని ఒక ఫిజిక్స్ లెక్చరర్. 1956లో అక్కడి ఆస్పత్రిలో ఫిజిసిస్ట్ ఉద్యోగం వదిలి వెళ్లిపోతే, చట్ట ప్రకారం ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి ఈయన్ని వారానికి ఒకటిన్నర రోజు రమ్మన్నారు. వెళ్లి చూస్తే, రేడియేషన్ మోతాదు లెక్క కట్టేవాళ్లు మనిషి ఒళ్లంతా ఒకే పదార్థంతో చేసినట్టు లెక్కేస్తున్నారు. ఎముక వేరు, ఊపిరితిత్తి వేరు కదా, లోపల ఏది ఎంత కిరణాన్ని ఆపుతుందో బయటి నుంచే కొలిచి తెలుసుకోలేమా అని ఆయన గణితం మొదలుపెట్టాడు. 1963, 64లలో వ్యాసాలు అచ్చయ్యాయి. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో గ్రామఫోన్ రికార్డులు కూడా అమ్మే ఈఎంఐ కంపెనీలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజినీరు తన దారిలో తాను యంత్రమే తయారుచేశాడు. 1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటి పేషెంట్ తలను స్కాన్ చేశారు. 1979లో ఇద్దరికీ కలిపి వైద్యంలో నోబెల్ ఇచ్చారు. ఇద్దరిలో ఒక్కరూ డాక్టర్ కాదు.

నాకు ఇందులో నచ్చేది నోబెల్ కాదు, ఆ ఒకటిన్నర రోజు. మహబూబ్‌నగర్‌లో యూనివర్సిటీ ఉంది, 2016 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. నల్లగొండలోనూ రెండూ ఉన్నాయి. ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ నుంచి రేడియాలజీ గదికి ఆటోలో పోయేంత దూరం. ఎంతమంది ఫిజిక్స్ పిల్లలు ఆ గది గడప తొక్కారు? మీ ప్రాజెక్టుకు టాపిక్ వెతుక్కుంటున్నావేమో, నా మాట విని ఇది తీసుకో: ఒక ఆస్పత్రిలో అనుమతి తీసుకుని, ఒక నెలలో ఎన్ని ఎక్స్‌రేలు మళ్లీ తీయాల్సి వచ్చింది, ఎందుకు అని రాసుకో. మా పిల్లలతో చేయిస్తుంటాను. కారణాల్లో యంత్రం వంతు తక్కువే కనబడుతుంది. ఛాతీ ఎక్స్‌రేలో జడ ముందుకు పడి ఊపిరితిత్తి మీద మచ్చలా కనిపించడం, మెడలో తాయెత్తు, జాకెట్ హుక్కు, ఊపిరి బిగబట్టమని పేషెంట్‌కు సరిగా చెప్పకపోవడం, హడావుడిలో కుడి ఎడమ గుర్తు మరిచిపోవడం. ఒక్కో రిపీట్ అంటే ఒక మనిషికి రెట్టింపు మోతాదు. ఇదీ పరిశోధనే. పెద్ద గ్రాంటు అక్కర్లేదు, ఒక నోట్‌బుక్, ఓపిక ఉంటే చాలు.

ఇంకో సంగతి కూడా చెప్పనీ. సీటీలో ప్రతి చుక్కకూ ఒక నంబరు ఉంటుంది, హౌన్స్‌ఫీల్డ్ పేరుతోనే. నీళ్లకు 0, గాలికి మైనస్ 1000. నీళ్లు నింపిన ఫాంటం, అంటే మనిషి బదులు వాడే డమ్మీ, పెట్టి ఆ సున్నా వస్తోందా లేదా చూడటం క్వాలిటీ చెకింగ్‌లో మొదటి పని. సీజన్‌లో ఒకసారి అలాంటి చెకింగ్ రోజున మా పిల్లలు బాలానగర్ సీతాఫలాన్ని లోపల పెట్టారు. గింజలు తెల్లగా ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా, గుజ్జు దాదాపు నీళ్లలా, మధ్యమధ్య గాలి సందులు నల్లగా. ఒక పాఠమంతా చెప్పినా అర్థం కానిది ఆ ఒక్క కాయతో అర్థమైంది. తర్వాత ఆ కాయను తినడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు! ఎక్స్‌రే ట్యూబ్ ఆఫ్ చేశాక కాయలో గానీ, మనిషిలో గానీ, గదిలో గానీ రేడియేషన్ ఏమీ మిగలదని అప్పటికి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే అందరూ. చివరికి నేనే తిన్నాను. కాయ మంచిది.

ప్రశ్న: మా నాయనకు 62 ఏండ్లు. నడుము వంగదు, మెడ తిరగదు. చేతులకు నొప్పే లేదు. అయినా డాక్టర్ నడుముతో పాటు ముంజేతికి కూడా ఎక్స్‌రే రాసిండు. ఇది బిల్లు కోసమేనా? ఎంఆర్‌ఐ తీస్తే అన్నీ తెలుస్తయి కదా, అది ఎందుకు రాయలేదు? – ఒక రైతు, మర్రిగూడ మండలం

జవాబు: అన్నా, ఆ డాక్టర్‌కు దండం పెట్టండి. మన ప్రాంతం గురించి తెలిసిన మనిషి. మాదీ మునుగోడు పక్క పల్లెనే. మెడ తిప్పలేక ఒళ్లంతా తిరిగి పలకరించే పెద్దవాళ్ల మధ్య పెరిగాను.

ముంజేతిలో రెండు ఎముకలు పక్కపక్కన ఉంటాయి. వాటి మధ్య పలచని పొర ఒకటి సాగి ఉంటుంది. మామూలుగా అది ఎక్స్‌రేలో కనబడదు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లలో ఆ పొరకు సున్నం పట్టి, ఎముక అంచు నుంచి ముళ్లలాగా తెల్లగా పైకి వస్తుంది. వేరే ఎముకల జబ్బుల్లో ఇది సాధారణంగా కనిపించదు. నడుము ఎక్స్‌రేలో వెన్నుపూసలు మరీ తెల్లగా ఉన్నాయంటే దానికి వేరే కారణాలు కూడా ఉండొచ్చు. ముంజేయి కూడా ఇలా ఉంటే ఫ్లోరోసిస్ అని గట్టిగా చెప్పొచ్చు. ముంజేతి ఎక్స్‌రేలో పడే మోతాదు సుమారు ఒక మిల్లీసీవర్ట్‌లో వెయ్యో వంతు. ఖర్చు కూడా తక్కువ. సున్నం పట్టడాన్ని, ఎముక గట్టిపడటాన్ని చూడటానికి ఎంఆర్‌ఐ కంటే ఎక్స్‌రేనే మేలు.

ఎంఆర్‌ఐ అవసరమయ్యే రోజు కూడా రావొచ్చు, అది గుర్తుపెట్టుకోండి. వెన్నుపూసల లోపల ఎముక పెరిగి వెన్నుపామును నొక్కితే కాళ్లు బిగుసుకుపోతాయి, తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది, మూత్రం మీద అదుపు తప్పుతుంది. వీటిలో ఏది కనిపించినా ఆ వారమే తీసుకుపోండి. అప్పుడు నరాలు ఎక్కడ నొక్కుకున్నాయో చూపించేది ఎంఆర్‌ఐ. ‘ముసలితనం, ఫ్లోరైడ్, ఇంతే’ అని ఇంట్లో కూర్చోబెట్టకండి. నొక్కుడు తగ్గించే ఆపరేషన్లు ఉన్నాయి. ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుంది.

ఫ్లోరోసిస్ చదువులో మన జిల్లాకు పెద్ద చోటే ఉంది, ఉండకపోతే బాగుండేది. దేశంలో దీన్ని మొదట నెల్లూరు జిల్లాలో గుర్తించి 1937లో రాశారు. 1955లో సిద్ధిఖీ అనే డాక్టర్ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసింది. దాని పేరే ‘నల్లగొండ టెక్నిక్’. టాంజానియా, ఇథియోపియాల్లో కూడా ఈ పేరుతోనే వాడారు. ఇంత జరిగినా మన పల్లెలకు కృష్ణా నీళ్లు రావడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నల్లా నీళ్లు తాగుతున్నారు కాబట్టి ఎక్స్‌రే మామూలు అవుతుందా అని మీరు అడుగుతారు. కాదు. ఎముకలో చేరింది ఏళ్ల మీద, చాలా మెల్లగా కొంత తగ్గుతుందంతే. కాబట్టి ఆరు నెలలకోసారి ఎక్స్‌రే తీయించి చూడటం దండగ. ఇప్పుడు తీసినవాటిని మాత్రం భద్రంగా పెట్టండి. బోరు నీళ్లు వంటకు కూడా వాడకండి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పరీక్ష చేయించడం మీ మండలంలో కష్టమేం కాదు.

ప్రశ్న: నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. మూడో నెల. అత్తామామలు ఉద్యోగం మానేయమంటున్నారు. ఆస్పత్రిలో ఇంకా చెప్పలేదు. – సూర్యాపేట

జవాబు: చెల్లీ, ఇవాళే చెప్పు, నోటితో కాదు, కాగితం మీద. నువ్వు చెప్పిన రోజు నుంచి కాన్పు దాకా కడుపులో బిడ్డకు పడే మోతాదు 1 మిల్లీసీవర్ట్ దాటకుండా చూసే బాధ్యత యాజమాన్యానిది. మామూలు సిబ్బందికి ఐదేళ్ల సగటు మీద ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదని ఏఈఆర్‌బీ పరిమితి. నీకు పెట్టింది సాధారణ జనానికి పెట్టే పరిమితితో సమానం.

సరైన గోడ, సీసం గాజు వెనక కన్సోల్ దగ్గర నిలబడి బటన్ నొక్కే పనిలో పడేది చాలా తక్కువ. నువ్వు వదులుకోవాల్సింది వార్డుల్లో పోర్టబుల్ ఎక్స్‌రే, ఆపరేషన్ థియేటర్‌లో సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం, పేషెంట్‌ను చేత్తో పట్టుకోవడం. ఆ డ్యూటీలు మార్చమని అడుగు, ఉద్యోగం మానాల్సిన పనిలేదు. గత ఏడాది టీఎల్‌డీ బ్యాడ్జ్ (ఒంటికి పడిన మోతాదు కొలిచే బిళ్ల) రిపోర్టులు తెప్పించుకుని మామగారికి చూపించు. మూడు నెలలకోసారి వచ్చే ఆ అంకెలు నా మాట కంటే బాగా పనిచేస్తాయి. అయితే ఒక షరతు, ఆ బ్యాడ్జ్ నిజంగా నువ్వే పెట్టుకుని ఉండాలి, ఆప్రాన్ లోపల, ఛాతీ దగ్గర. ఎక్స్‌రే గదిలో మేకుకు తగిలించి ఇంటికి పోయే అలవాటు మన దగ్గర ఎంతుందో నాకూ తెలుసు. మేకు గర్భవతి కాదు కదా.

ప్రశ్న: మాది అమ్రాబాద్ వైపు. మా నేలలో యురేనియం ఉందంటున్నారు కాబట్టి ఊళ్లో అందరం ఒకసారి ఫుల్ బాడీ స్కాన్ చేయించుకుంటే మంచిదా? ఒకాయన ప్యాకేజీ ఇస్తానంటున్నాడు. – నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: వద్దు. సీటీ స్కాన్‌లో యురేనియం కనబడదు. పైగా రేడియేషన్‌కు భయపడి రేడియేషన్ కొనుక్కున్నట్టు అవుతుంది. ఛాతీ, పొట్ట కలిపి సీటీ తీస్తే పది మిల్లీసీవర్ట్‌లు దాటిపోవచ్చు.

నల్లమలలో తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో మన శాసనసభ తీర్మానం చేసింది. అటు నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్, పెద్దగట్టు నిక్షేపాల మీద అంతకుముందు నుంచే గొడవ ఉంది. తవ్వకం మంచిదా చెడ్డదా అనేది వేరే చర్చ, ఈ పేజీలో తేలదు. భూమిలో కదలకుండా ఉన్న ఖనిజం సంగతి వేరు, దాన్ని తవ్వి పిండి చేసి పోసిన గుట్ట సంగతి వేరు అని మాత్రం చెప్తాను. మన గ్రానైట్ నేలల్లో యురేనియం, థోరియం, పొటాషియం ఎంతో కొంత ఎప్పుడూ ఉన్నవే. కేరళలో కరునాగపల్లి తీరపు మోనజైట్ (థోరియం ఉండే ఖనిజం) ఇసుకలో సహజ రేడియేషన్ మన దగ్గరికంటే చాలా ఎక్కువ. అక్కడి జనాన్ని ఏళ్ల తరబడి గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో దానివల్ల క్యాన్సర్లు పెరిగినట్టు కనబడలేదు.

మీరు పరీక్ష చేయించాల్సింది మనుషులను కాదు, బోరు నీళ్లను. నీళ్లలో కరిగిన యురేనియం రేడియేషన్ కంటే ముందు రసాయనంగా కిడ్నీలకు చెడు చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. ప్యాకేజీ డబ్బులు మిగులుతాయి.

ప్రశ్న: మా ఊరికి టీబీ క్యాంపు వచ్చి చేతిలో పట్టుకునే కెమెరాలాంటి దానితో ఎక్స్‌రేలు తీశారు. నాకు దగ్గు కూడా లేదు. కంప్యూటరే చూసి చెప్పేసింది. నమ్మొచ్చా? – కొల్లాపూర్

జవాబు: టీబీ ఉన్నవాళ్లలో చాలామందికి దగ్గు రాకముందే ఎక్స్‌రేలో తేడా కనిపిస్తుంది, అందుకే బాగున్నవాళ్లకూ తీస్తారు. కంప్యూటర్‌తో చదివించే పద్ధతిని 15 ఏళ్లు దాటినవాళ్లకు వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. కానీ అది జబ్బు ఉందని తేల్చేది కాదు, కళ్లె పరీక్ష ఎవరికి చేయాలో ఏరిపెట్టేది. ‘అనుమానం’ అని వస్తే కళ్లె పరీక్షకు వెళ్లండి. మీకు పడింది 0.1 మిల్లీసీవర్ట్ లోపే. క్యూలో మీ వెనక వాళ్లను కొన్ని మీటర్లు దూరంగా నిలబెట్టారా లేదా, అది చూడాల్సింది. దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది.

ఒక్క మినహాయింపు. మీలో రాళ్ల క్రషర్లలో, పలుగురాయి మిల్లుల్లో పనిచేసి వచ్చినవాళ్లు ఉంటే ఆ మాట డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. ఆ దుమ్ముతో వచ్చే సిలికోసిస్ ఫిల్మ్‌లో టీబీలా కనిపించగలదు. రెండూ కలిసి కూడా రావొచ్చు.

ప్రశ్న: ఎంఆర్‌ఐకి పుస్తెలతాడు తీయమన్నారు. బంగారాన్ని అయస్కాంతం లాగదు కదా? తీయడం మాకు పట్టింపు. – భువనగిరి

జవాబు: లాగదు. కానీ ఆ తాడుకు మీరు గుచ్చిన పిన్నీసులను లాగుతుంది, అవి ఇనుపవి. పైగా మెడ చుట్టూ ఉన్న లోహపు గొలుసు వేడెక్కి కాలొచ్చు, బొమ్మ కూడా పాడవుతుంది. 2018లో ముంబైలో ఒకాయన ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఎంఆర్‌ఐలో రేడియేషన్ లేదు, నిజమే. కానీ అయస్కాంతం స్కాన్ లేనప్పుడు కూడా ఆన్‌లోనే ఉంటుంది. పసుపుతాడు కట్టుకుని వెళ్లండి. చాలామంది అదే చేస్తున్నారు.

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. జీఎం కౌంటర్ (రేడియేషన్‌ను లెక్కపెట్టే పరికరం) ప్రయోగానికి తెచ్చిన పాత రేడియోధార్మిక సోర్స్‌లు ఒక డబ్బాలో ఉన్నాయి, ముప్పై ఏళ్ల నాటివి. స్టాకు తనిఖీలో ‘పనికిరాని సామాన్లతో కలిపి వేలం వేయండి’ అంటున్నారు. వేయొచ్చా? – జడ్చర్ల

జవాబు: ఆ సంతకం పెట్టకండి సార్. 2010లో ఢిల్లీలో ఒక విశ్వవిద్యాలయం 1985 నుంచి వాడకుండా మూలపడేసిన గామా యంత్రాన్ని వేలంలో అమ్మేసింది. మాయాపురి తుక్కు మార్కెట్‌లో దాన్ని పగలగొట్టారు. లోపల కోబాల్ట్-60. ఒకరు చనిపోయారు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు. మీ డబ్బాలోవి దాని ముందు నలుసంత, భయపడాల్సినవి కావు. కోబాల్ట్ సగమయ్యే కాలం 5.27 ఏళ్లు కాబట్టి ముప్పై ఏళ్లలో యాభయ్యో వంతుకు దగ్గరగా పడిపోయి ఉంటుంది. సీజియం-137 అయితే ఇంకా సగం ఉంది, ప్రయోగానికి బాగానే పనికొస్తుంది. పారేయాల్సిన అవసరమే లేదేమో చూడండి. పిల్లలకు ముప్పై ఏళ్ల క్షయాన్ని కౌంటర్ మీద చూపించడానికి అంతకంటే మంచి సామాను మీకు దొరకదు.

నిజంగా వదిలించుకోవాలంటే ముందు ఒక్కోదాని మీద రాసిన పేరు, బలం, తేదీ నోట్ చేసుకోండి. ప్రిన్సిపాల్ సంతకంతో ఏఈఆర్‌బీకి రాయండి. అమ్మిన సంస్థ తిరిగి తీసుకుంటుందేమో కూడా అడగండి. జవాబు వచ్చేదాకా డబ్బాకు గుర్తు అంటించి, తాళం వేసి, తాళం చెవి ఎవరి దగ్గరుందో రిజిస్టర్‌లో రాయండి. మీరు బదిలీ అయి వెళ్లేటప్పుడు చార్జ్ లిస్టులో ఆ డబ్బాను వేరే వరుసలో, ఎర్ర సిరాతో చూపించండి.